తప్పు సీడీదా, కంప్యూటరుదా?

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో తరచుగా కనిపించే ప్రశ్న ఒకటున్నది. "ఇంట్లో పాత ఆడియో సీడీలు ఉన్నవి. వాటిలోని పాటలను కంప్యూటరులోనికి దించుకొనబోతే పని మధ్యలో ఆగిపోతున్నది, లేదా పాటలో టకటకమని చప్పుడు వినవస్తున్నది. సీడీ పాడైపోయినట్లేనా?" అని పాఠక మిత్రులు అడుగుతుంటారు. సీడీ పాడైనదన్న తీర్పు చిట్టచివర ఇవ్వవలసినదే గాని మొట్టమొదట ఇవ్వదగినది కాదని మా అభిప్రాయం. ఇటీవల పాండేసరలోని ఒక ఇంట మాకు కలిగిన అనుభవం ఈ అభిప్రాయాన్ని మరింత గట్టిపరచినది. దానినే ఈ నెల మనవి చేస్తున్నాము.

సూరత్ నగరంలోని పాండేసర పారిశ్రామికవాడ అద్దకం, ప్రింటింగు మిల్లులకు పెట్టినది పేరు. ఉధ్నా, లింబాయత్‌లతో పాటు ఈ ప్రాంతంలోను తెలంగాణ జిల్లాలనుండి మరమగ్గాల పనికై తరలివచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు అనేకం ఉన్నవి. సూరత్ నగరపాలక వ్యవస్థ తెలుగు మాధ్యమంలో కూడ ప్రాథమిక పాఠశాలలు నడుపుతూ వచ్చినదంటే ఇక్కడి తెలుగువారి సంఖ్య ఎంతటిదో ఊహించుకొనవచ్చును.

మా సహోద్యోగి ఒకరి మేనత్తగారి ఇల్లు ఆ పేటలోనే ఉన్నది. ఆమె భర్త సిరిసిల్ల ప్రాంతంనుండి వచ్చి, జీవితమంతా మరమగ్గాలపై గడిపి, 2005లో కాలం చేశారు. పద్మశాలీలు తమ మూలపురుషునిగా కొలిచే మార్కండేయుని కథను ఆయన శుభకార్యాలలో రాగయుక్తంగా చెప్పేవారట. ఒక పెళ్ళిలో టేపురికార్డరులో పట్టిన ఆ కథను 2004లో స్టూడియోలో సీడీగా చేయించారు. అసలు క్యాసెట్టు అడాజన్‌లోని బంధువుల ఇంట ఉండగా 2006 ఆగస్టు నెలలో వచ్చిన తాపీనది వరదలో పోయినది. ఆయన కంఠస్వరం మిగిలినది ఆ ఒక్క సీడీలోనే.

ఆ ఇంటి కుమారుడు ఎంబ్రాయిడరీ డిజైన్లు తయారుచేసే వృత్తిలో ఉన్నాడు. ఇంట్లో ఉన్న పాత కంప్యూటరులోనికి సీడీని దించబోతే రెండు భాగాలు రాగానే యంత్రం బిగుసుకుపోయినదట. వచ్చిన రెండు భాగాలలోను టకటక చప్పుళ్ళే. దుకాణానికి తీసుకొనిపోగా, అక్కడివారు సీడీ పైకి ఎత్తి చూచి, గీతలున్నవి గనుక అరగదీసి మెరుగుపెట్టాలన్నారు.

"సార్, సీడీ ఖరాబైందంటున్నరు. అరగదీస్తే వస్తదేమో అంటున్నరు. ఇయ్యమంటరా?" అని ఆమె మమ్ములను అడిగినది.

"ఇవ్వకండమ్మా. ముందు కంప్యూటరు సంగతి చూద్దాము" అన్నాము.

ఇక్కడ ఆడియో సీడీ స్వభావం కొంత తెలుసుకొనుట అవసరం. ఫిలిప్స్, సోనీ సంస్థలు 1980లో నిర్ణయించిన ప్రమాణం ప్రకారం ఇందులో ధ్వని సెకనుకు 44,100 కొలతలుగా, రెండు చానెళ్ళలో నమోదై ఉంటుంది. సెకనుకు 75 సెక్టార్లు. ఒక్కొక్క సెక్టారులో 2,352 బైట్లు. అనగా సెకనుకు 1,76,400 బైట్లన్నమాట. ఫైళ్ళు దాచే సీడీలో ఇదే సెక్టారునుండి 2,048 బైట్లు మాత్రమే సమాచారానికి వాడి, మిగిలిన చోటును చిరునామాకు, అదనపు దోషసవరణకు కేటాయిస్తారు. ఆడియో సీడీలో ఆ అదనపు రక్షణ లేదు. చదువుట మధ్యలో ఆగితే, ఆగిన చోటినే తిరిగి కచ్చితంగా పట్టుకొనుట డ్రైవుకు కష్టం. అందుచేత ఇతర ప్రోగ్రాములు కలిగించే చిన్న ఆటంకం కూడ పాటలో చప్పుడై వినవస్తుంది.

మరొక హెచ్చరిక. విండోస్‌లో ఆడియో సీడీని తెరచినప్పుడు కనిపించే "సీడీఏ" ఫైళ్ళు పాటలు కావు. ఒక్కొక్కటి 44 బైట్ల గుర్తు మాత్రమే. వాటిని పెన్‌డ్రైవులోనికి ఎక్కించి, పాటలు భద్రమైనవని తలచి సీడీని పారవేసిన వారున్నారు. దయచేసి అట్లు చేయకండి.

మేము మొదట సీడీని మా ల్యాప్‌టాపుకు తగిలించిన వేరొక డ్రైవులో పెట్టి మొత్తం దించినాము. ప్రాణం ముందు, రోగనిర్ణయం తరువాత అన్నది ఈ పనిలో మొదటి సూత్రం. అదే పని రెండవసారి చేసి రెండు ప్రతులను పోల్చినాము. ఒక్కచోట, పదకొండవ నిమిషంలో, రెండు మూడు సెకన్లపాటు ధ్వని చెదిరినది. రెండుసార్లూ అదే చోట. ఇంటి కంప్యూటరులో దించిన ప్రతులలోనైతే చప్పుళ్ళు ఒకసారి ఒకచోట, మరొకసారి వేరొకచోట ఉన్నవి.

ఈ తేడా ఏమి చెబుతున్నదో మేము వివరించబోతుండగా ఆమె అందుకున్నది. "బట్టల నిలువునా ఒక్కతీరు గీత పడితే పడుగుల పోగు తప్పు. ఆడీడ పడితే పేకది, లేకుంటే మగ్గానిది. గంతే గద సార్?" అన్నది. ఇంజనీరింగు పుస్తకాలు చదివిన మేము అంతకంటె చక్కగా చెప్పగలిగి ఉండేవారము కాము. ఒకేచోట నిలిచే లోపం సీడీది. చోటు మార్చే లోపం దానిని చదివే దారిది. ఒక్క డ్రైవుతోనే తేల్చక, రెండవ డ్రైవుతో కూడ సరిచూచుకొనుట మంచిది.

ఇక కంప్యూటరు వైపు వచ్చాము. డిజైన్ల సాఫ్ట్‌వేరు కొరకు అందులో విండోస్ ఎక్స్‌పీనే ఉంచినారు. మైక్రోసాఫ్టు 2014 ఏప్రిల్ 8తో దానికి మద్దతు నిలిపివేసినది గనుక ఆ యంత్రాన్ని ఇంటర్నెట్టుకు కలపకుండ వాడుతున్నారు. సీడీ పెట్టగానే ఏమేమి మేల్కొంటున్నవో చూచినాము. పాటలు వినిపించే ప్రోగ్రాము తనంత తాను దించుట మొదలుపెట్టినది. సీడీపై ఫైళ్ళను నేరుగా వ్రాయడానికి ఎప్పుడో వేసిన మరొక ప్రోగ్రాము అది ఖాళీ సీడీయా అని పరీక్షించుచున్నది. లేని డ్రైవును ఉన్నట్లు చూపే మూడవ ప్రోగ్రాము ఒకటి. వీటికి తోడు, దిగుతున్న ప్రతి ఫైలును యాంటీవైరసు తనిఖీ చేస్తున్నది. ఒక్క డ్రైవుకు నలుగురు యజమానులు!

ఆటోప్లే ఆపి, పాటల ప్రోగ్రామును మూసి, దించే సంచయాన్ని యాంటీవైరసు తనిఖీనుండి ఆ కొద్దిసేపు తప్పించినాము. బిగుసుకుపోవుట తగ్గినది గాని చప్పుళ్ళు పోలేదు. అప్పుడు సీడీపై వ్రాసే ప్రోగ్రామును తొలగించి యంత్రాన్ని తిరిగి ప్రారంభించగా, సీడీ డ్రైవే కనబడకుండ పోయినది! డివైస్ మేనేజరులో దాని ప్రక్కన పసుపుపచ్చ గుర్తు, లోపల "కోడ్ 39" అన్న సందేశం. అబ్బాయి ముఖం పాలిపోయినది. నిజానికి తగవు ఎక్కడున్నదో తేటతెల్లమైనది అప్పుడే.

మన ప్లాంటు గేటుతో పోల్చి చెబుతాము. లోనికి పోయే ప్రతి లారీ పత్రంపై ఫలానా గుమాస్తా సంతకం ఉండాలని రిజిస్టరులో వ్రాసి ఉన్నదనుకొనండి. ఆ గుమాస్తా పదవీ విరమణ చేసినాడు. రిజిస్టరులో ఆ పంక్తి మాత్రం ఎవరూ కొట్టివేయలేదు. అప్పుడు ఏ లారీ లోనికి పోలేదు. సీడీపై వ్రాసే కొన్ని ప్రోగ్రాములు విండోస్‌కు, డ్రైవుకు నడుమ ఇటువంటి గుమాస్తాను కూర్చోబెడతాయి. వీటినే ఫిల్టరు డ్రైవర్లంటారు. ఇద్దరు గుమాస్తాలు చేరితే ఒకరి పని ఒకరు చెడగొట్టే ప్రమాదమున్నది. ప్రోగ్రామును తొలగించినా రిజిస్ట్రీలో దాని పంక్తి మిగిలిపోతే డ్రైవే మాయమవుతుంది.

ఆ పంక్తులు రిజిస్ట్రీలోని హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టం, కరెంట్‌కంట్రోల్‌సెట్, కంట్రోల్, క్లాస్ అన్న వరుసలో, "4డి36ఇ965"తో మొదలయ్యే పద్దు క్రింద "అప్పర్ ఫిల్టర్స్", "లోయర్ ఫిల్టర్స్" అన్న పేర్లతో ఉంటాయి. ముందుగా ఆ పద్దును ఎక్స్‌పోర్టు చేసి భద్రపరచి, తరువాత ఆ రెండు పంక్తులను తొలగించి యంత్రాన్ని తిరిగి ప్రారంభించాలి. దాని సమీపంలోనే "4డి36ఇ967"తో మొదలయ్యే పద్దు హార్డుడిస్కుది. పొరపాటున దానిని తాకితే కంప్యూటరే లేవకపోవచ్చును. అనుభవం లేనివారు తెలిసినవారిని ప్రక్కన కూర్చోబెట్టుకొని చేయుట క్షేమం. ఈ ఫిల్టర్లతో పనిచేస్తుండిన ఇతర ప్రోగ్రాములను తరువాత మళ్ళీ వేసుకొనవలసి రావచ్చును.

ఈ తగవు ఎంత దూరం పోగలదో లోకానికి తెలిసినది 2005లో. ఆ ఏడాది అక్టోబరు 31న మార్క్ రుసినోవిచ్ అన్న సాంకేతిక నిపుణుడు, సోనీ బీఎంజీ సంస్థ అమ్మిన పాటల సీడీ తన కంప్యూటరులో రహస్యంగా ఒక సాఫ్ట్‌వేరును దాచినదని బయటపెట్టినాడు. పాటలను దించుకొనకుండ అడ్డుకొనుటకై పెట్టిన ఆ సాఫ్ట్‌వేరు కూడ సీడీ డ్రైవు దారిలో గుమాస్తాగా కూర్చున్నదే. దానిని చేతితో పెరికివేయగా ఆయన యంత్రంలోను సీడీ డ్రైవు మాయమైనది. పెద్ద దుమారం రేగిన మీదట సంస్థ అదే నవంబరులో ఆ సీడీలను వెనక్కు తీసుకొన్నది.

పాండేసరకు తిరిగి వద్దాము. పంక్తులు తొలగించగానే డ్రైవు కనిపించినది, కాని చదువుట నత్తనడక. దానికి కారణం వేరు. సమాచారం అందుటలో ఆరుసార్లు తప్పులు జరిగితే విండోస్ ఎక్స్‌పీ ఆ దారి వేగాన్ని ఒక మెట్టు తగ్గిస్తుంది. అట్లు తగ్గుతూ చివరకు ప్రతి బైటును ప్రాసెసరే మోయవలసిన "పీఐఓ" పద్ధతికి దిగజారుతుంది. గీతలుపడిన సీడీలను పదేపదే ప్రయత్నించిన యంత్రాలలో ఇది పరిపాటి. డివైస్ మేనేజరులో ఆ ఐడీఈ చానెలును తొలగించి యంత్రాన్ని తిరిగి ప్రారంభించగా అది "డీఎంఏ" పద్ధతికి వచ్చినది.

అప్పుడు, జర్మనీకి చెందిన ఆండ్రె వీథాఫ్ 1998లో రూపొందించిన ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అన్న ప్రోగ్రామును పెన్‌డ్రైవు ద్వారా వేసి, సీడీని తగ్గించిన వేగంతో దించినాము. ఇది ప్రతి భాగాన్ని కనీసం రెండుసార్లు చదివి, రెండూ సరిపోలితేనే స్వీకరిస్తుంది. చప్పుళ్ళు లేవు. మేము ఆశించనిది మరొకటి జరిగినది. మా కొత్త డ్రైవు చదవలేని పదకొండవ నిమిషాన్ని ఆ పాత డ్రైవు చదివినది. డ్రైవు డ్రైవుకు చదివే శక్తి వేరు. అందరూ తప్పుపట్టిన కంప్యూటరే చివరకు ఆ లోటు పూడ్చినది.

ఆ రెండు మూడు సెకన్లలో కథ లేదు. ఆయన చెప్పుట ఆపి, చిన్నగా దగ్గి, "జర నీళ్ళియ్యే" అన్నాడు. ఆమె చాలసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ నీళ్ళు నేనే ఇచ్చిన సార్" అన్నది.

అరగదీయుటకు ఇచ్చి ఉంటే ఏమయ్యేదో మేము చెప్పలేము. ఏ దోషమూ లేని చోట చేసే చికిత్స వలన మేలు కలుగదని మాత్రం చెప్పగలము. పాఠకులు గుర్తుంచుకొనవలసిన క్రమం ఇది:

1. సీడీని ముందు వేరొక యంత్రంలో దించి చూడండి. వచ్చినంత భద్రపరచండి.

2. రెండుసార్లు దించి పోల్చండి. లోపం చోటు మారుతుంటే కంప్యూటరును అనుమానించండి.

3. ఆటోప్లేను, సీడీని తాకే ఇతర ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా ఆపండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఫలితం దేనివలన వచ్చినదో తెలియదు.

4. ప్రోగ్రామును తొలగించిన పిదప డ్రైవు మాయమైతే భయపడక ఫిల్టరు పంక్తులు చూడండి.

5. పాత యంత్రమైతే డీఎంఏ ఉన్నదో లేదో పరిశీలించండి.

6. దించిన ధ్వనిని నాణ్యత తగ్గని వేవ్ లేదా ఫ్లాక్ రూపంలో, రెండు వేర్వేరు చోట్ల దాచండి.

ఇంట్లో వ్రాయించిన సీడీలలో సమాచారం ఒక రంగుపొరపై నిలిచి ఉంటుంది. ఆ పొరకు ఆయుర్దాయమున్నది. పెద్దల కంఠాలు అటువంటి సీడీలలో ఉన్నవారు ఈ ఆదివారమే బీరువా తెరువవలసినదిగా కోరుతున్నాము.