చీరకి ఊరు అడుగుతాం, బొమ్మకి అడగమా?

చీరల విషయంలో మనల్ని మోసం చెయ్యాలంటే ఎంత పెద్ద షాపువాడికైనా చెమటలు పడతాయి. గద్వాల్ చూపించి వెంకటగిరి అంటే ఊరుకుంటామా? పోచంపల్లిలో నేసిన ఇక్కత్‌నీ, మిల్లులో ఇక్కత్ డిజైను అచ్చుకొట్టిన గుడ్డనీ ఒక్కసారి వెనక్కి తిప్పి చూసి చెప్పేస్తాం. నారాయణపేట అంచో మంగళగిరి అంచో పక్కింటి దండెం మీద ఆరేసి ఉన్నా గుర్తుపడతాం. ఇదంతా ఎవరూ మనకి క్లాసులు పెట్టి నేర్పలేదు. కొన్న ప్రతిసారీ అడిగాం, అడిగి అడిగి నేర్చుకున్నాం.

అదే మనం బొమ్మల దుకాణం ముందు నిలబడితే? "ఈ కొండపల్లి బొమ్మ ఎంతయ్యా?" అంతే. చెక్కతో చేసి రంగు పూసిందల్లా కొండపల్లే మనకి. ఏటికొప్పాక లక్కపిడతలు కొండపల్లి, నిర్మల్ చిలక కొండపల్లి, కర్ణాటక నుంచి వచ్చిన చన్నపట్న గిలక్కాయ కూడా కొండపల్లే. అమ్మేవాడు ఎందుకు కాదంటాడు? అవునమ్మా అవును అని తలూపి పాత పేపర్లో చుట్టి చేతిలో పెడతాడు.

ఇకమీదట ఊరి పేరు లేని బొమ్మని కొనకూడదు అని నేనంటాను. కొలువుకైనా, పుట్టినరోజుకైనా, గృహప్రవేశం రిటర్న్ గిఫ్టులకైనా సరే. ఈ మాట మా అపార్ట్‌మెంట్‌లో అన్నందుకు "బొమ్మలకి కూడా ఆధార్ కార్డు అడుగుతావా" అని నవ్వారు. నవ్వనివ్వండి. అవును, అడుగుతాను.

మా దేవరయాంజాల్ తెలిసినవాళ్ళకి తెలుసు, ఒకవైపు మేడ్చల్ వెళ్తే నాగపూర్ హైవే, ఇంకోవైపు శామీర్‌పేట దగ్గర రాజీవ్ రహదారి. నాగపూర్ హైవే పట్టుకుని మూడున్నర, నాలుగు గంటలు పోతే నిర్మల్. రాజీవ్ రహదారి వైపు సిద్దిపేట జిల్లాలోనే చేర్యాల, నకాషీ బొమ్మలూ మాస్కులూ చేసే ఊరు. ఇన్ని బొమ్మల ఊళ్ళు చుట్టుపక్కల పెట్టుకుని, మా ఊరి నిండా ఉన్నవి మాత్రం గోదాములు. (అవి ఏ భూముల్లో లేచాయన్నది వేరే కథ, పేపర్లలో చాలా చదివాం.) ఆ రోడ్ల మీద రోజూ అట్టపెట్టెల లారీలు పోతుంటాయి. ప్రతి పెట్టె మీదా ఎక్కడ తయారైందీ, ఎవరు దిగుమతి చేసుకున్నదీ, ఎన్నేళ్ళ పిల్లలకి పనికొచ్చేదీ అచ్చువేసి ఉంటుంది. ఏడాది తిరక్కుండా విరిగి చెత్తలో పడే ప్లాస్టిక్ కారుకి అంత బయోడేటా ఉంది. తరాలుగా చేస్తున్న చెక్క ఏనుగుకి ఒక్క ముక్క లేదు.

మా ఆడపడుచు కొడుకు జర్మనీలో చదువుతున్నాడు. అక్కడ ఆదివారం పాత సామాన్ల సంతలు జరుగుతాయట, ఫోటోలు పంపిస్తుంటాడు. పాత బొమ్మల బల్లల దగ్గర పెద్ద పెద్ద మగవాళ్ళు కళ్ళజోడు సర్దుకుంటూ డబ్బా అంచులు పరీక్ష చేస్తున్నారు, అచ్చం మనం చీర కొంగు చూసినట్టు! వాళ్ళు వెతికేది ఏమిటయ్యా అంటే, ఆ బొమ్మ ఏ దేశం డబ్బాలో వచ్చిందని.

1977లో వచ్చిన స్టార్ వార్స్ సినిమా బొమ్మలే తీసుకోండి. అమెరికాలో వాటిని కెన్నర్ అనే కంపెనీ చేసింది. అవే బొమ్మలు ఇంగ్లండులో పాలిటాయ్ పేరుతో, ఫ్రాన్సులో మెకానో పేరుతో, హాలెండు వైపు క్లిప్పర్ పేరుతో అమ్మారు. ఫ్రాన్సు డబ్బా మీద సినిమా పేరే ఫ్రెంచిలో ఉండేది. మూడో సినిమా నాటికి ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్ మూడు పేర్లూ ఒకే అట్ట మీద వేసి చాలా దేశాల్లో అమ్మేశారు, దాన్ని ట్రైలోగో అంటారు. కొన్నిచోట్ల వస్తువే మారిపోయేది. ఆ సినిమాలో ఉండే పెద్ద గోళాన్ని అమెరికాలో ప్లాస్టిక్‌తో చేస్తే, ఇంగ్లండులో అట్టముక్కలతో చేసి అమ్మారు. ఇంగ్లండు పిల్లలు 1966 నుంచి యాక్షన్ మ్యాన్ అని పిలుచుకున్న సైనికుడి బొమ్మ జర్మనీలో యాక్షన్ టీమ్ అయ్యింది. ఈ తేడాల మీద వాళ్ళు పుస్తకాలు రాసుకున్నారు, వేలం పాటలు పాడుకుంటున్నారు. మన దేశంలో ఫన్‌స్కూల్ వాళ్ళు చేసిన జీఐ జో బొమ్మల్ని కూడా రంగుల తేడా చూసి విదేశాల్లో వెతుక్కుని కొంటారు. లియో మాట్టెల్ పేరుతో ఇక్కడ తయారై చీర కట్టుకున్న బార్బీకీ అలాంటి అభిమానులున్నారు.

నేను ఆ పిచ్చిని మెచ్చుకోవడం లేదు. నలభై ఏళ్ళపాటు డబ్బా విప్పకుండా దాచిన బొమ్మని చూస్తే నాకు జాలేస్తుంది. ఏ పిల్లా దాన్ని ఎత్తుకోలేదు, స్నానం పోయలేదు, పెళ్ళి చేయలేదు. అదేం బతుకు! కానీ ఒక్క సంగతి మాత్రం ఆలోచించండి. అక్కడ చాలావరకు బొమ్మ ఒకటే, డబ్బాలు వేరు. ఒకే అచ్చులో పోసిన ప్లాస్టిక్కి నాలుగు దేశాల నాలుగు పుట్టుకలు రాసిపెట్టుకున్నారు. మన దగ్గర చెట్టు వేరు, చెయ్యి వేరు, పద్ధతి వేరు, అయినా చుట్టే పాత పేపరు మాత్రం ఒకటే.

ఈ తేడాలు మాటవరసకి చెప్పేవి కావు. విజయవాడ పక్కన కొండపల్లిలో బొమ్మకి వాడేది తెల్లపొణికి కర్ర. దూదిలా తేలిక. కాళ్ళూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. పైన తెల్ల పూత, ఆ మీద సన్నటి కుంచెతో రంగు. అంబారీ ఏనుగు, దశావతారాలు, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, దంపుడు దంచే ఆడవాళ్ళు, ఇవన్నీ అలా పుట్టినవే. వాటి అందమంతా పైన వేసిన రంగులోనే ఉంది. కళ్ళతో చూసుకోవాల్సిన బొమ్మ అది.

ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది. అక్కడ అంకుడు కర్ర. దాన్ని తరిమెన మీద తిప్పుతూ నునుపు చేసి, తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని అదిమిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. అందుకే ఆ బొమ్మలన్నీ గుండ్రంగా ఉంటాయి. బొంగరం, గిలక్కాయ, మన చిన్నప్పటి లక్కపిడతలు. గింజలు, బెరళ్ళు, వేళ్ళు, ఆకుల నుంచి రంగులు తీసే పద్ధతిని అక్కడ మళ్ళీ నిలబెట్టిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మొన్న 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలే. టీవీలో చూసి చప్పట్లు కొట్టినవాళ్ళం, బజారుకెళ్ళి వాటినే కొండపల్లి అంటున్నాం.

నిర్మల్ వాళ్ళదీ పొణికి కర్రే, కానీ చేతివాటం వేరు. పళ్ళు, కూరగాయలు, పిట్టలు. అసలు మామిడిపండు పక్కన పెడితే ఈగ కూడా తికమకపడేలా చేస్తారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఏ ఊరి బొమ్మో తెలియకపోతే ఏ బిడ్డ చేతికి ఇవ్వాలో ఎలా తెలుస్తుంది? పళ్ళు వచ్చే పిల్లాడు చేతికందిందల్లా నోట్లో పెడతాడు. చెట్టు రంగు కలిపిన లక్క పూసిన గిలక్కాయ సంగతి వేరు, పైన పెయింటు వేసిన షోకేసు ఏనుగు సంగతి వేరు. ఆ ఏనుగు తప్పు కాదు, చేసినాయన తప్పు కాదు. ఆయన కొలువు మెట్టు మీద పెట్టుకోమని చేశాడు. మధ్యలో పేరు చెరిపి అన్నిటినీ ఒకే బుట్టలో పోసి "చెక్క బొమ్మలమ్మా, న్యాచురల్" అని అమ్మినవాడిది తప్పు. ఒక ఎగ్జిబిషన్‌లో నేను గిలక్కాయ పట్టుకుని ఇది లక్కా, పెయింటా అని అడిగితే, ఆ స్టాలు కుర్రాడు దాన్ని గోకి చూసి "షైనింగ్ ఉంది కదా మేడమ్" అన్నాడు. ఆ షైనింగే నెలల పిల్లాడి నోట్లోకి వెళ్ళేది!

చట్టం లేదా అంటే, ఉంది. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్ళలోపు పిల్లల ఆట బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. అయితే చేతిపనివాళ్ళు ఆ పరీక్షల ఖర్చు భరించలేరు కాబట్టి, హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్మేవాటికీ, జీఐ కింద నమోదైనవాళ్ళు చేసే బొమ్మలకీ మినహాయింపు ఇచ్చారు. న్యాయమైన మినహాయింపే. ఏటికొప్పాక బొమ్మకి 2017లో జీఐ వచ్చింది, కొండపల్లికీ నిర్మల్‌కీ అంతకుముందే ఉంది. కానీ మార్కూ లేదు, ఊరి పేరూ లేదు, చేసినవాళ్ళ పేరూ లేదు అంటే ఆ బొమ్మ మినహాయింపు కింద వచ్చిందా, చట్టం కళ్ళుగప్పి వచ్చిందా? కొనే తల్లి ఎలా తేల్చుకోవాలి?

"మా అత్తగారి కాలంలో డబ్బాలూ లేబుళ్ళూ ఎక్కడివి, పిల్లలు పెరగలేదా" అని ఒక పెద్దావిడ అన్నారు. ఆవిడంటే నాకు గౌరవమే. కానీ ఆ రోజుల్లో బొమ్మ తీర్థంలోనో సంతలోనో చాలాసార్లు చేసినవాళ్ళ చేతుల మీదుగానే వచ్చేది. మనిషే లేబులు. పాడైతే మరుసటి ఏడు అదే తీర్థంలో నిలదీసేవాళ్ళు. ఇప్పుడు బొమ్మ మూడు గోదాములు, ఒక యాప్, ఒక డెలివరీ బాబు దాటి వస్తోంది. ఎవర్ని నిలదీస్తాం?

ఇంకొందరు ఖర్చంటారు. పాపం, ఆ కళాకారులకి మిగిలేదే అంతంత, మళ్ళీ డబ్బా భారం ఎందుకని. ఈ జాలి మాటలు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. రంగురంగుల డబ్బా ఎవరడిగారు? బొమ్మ అడుగున ఒక రబ్బరు స్టాంపు చాలు. ఊరి పేరు, చేసినవాళ్ళ పేరు, ఏ కర్ర, ఏ రంగు, ఆడుకోవడానికా చూసుకోవడానికా. ఐదు ముక్కలు. స్టాంపు ఖర్చు ఒక్క బొమ్మకి పైసల్లో పడుతుంది. ఆ పేరు లేకపోవడం వల్ల పోయేది మాత్రం రూపాయల్లో. ప్లాస్టర్‌తోనూ రెజిన్‌తోనూ అచ్చుపోసిన అంబారీ ఏనుగు "కొండపల్లి స్టైల్" అని సగం ధరకి వస్తుంటే, పొణికి కర్ర కోసం తిప్పలు పడే ఆయన దేనితో పోటీ పడాలి? ఆయన కొడుకు ఈ పని ఎందుకు నేర్చుకోవాలి?

2014 తర్వాత మనకి రాష్ట్రాలు రెండయ్యాయి, ప్రభుత్వ హస్తకళల షాపులూ లేపాక్షి అటు, గోల్కొండ ఇటు అయ్యాయి. వాటిలోకి వెళ్ళి అడిగితే ఏ ఊరిదో చెబుతారు, అది మంచిదే. కానీ మనలో ఎంతమంది అక్కడ కొంటున్నాం? గిఫ్టు షాపుల్లో, ఎగ్జిబిషన్లలో, వాట్సాప్ గ్రూపుల్లోనే కదా కొనేది. కొలువు సంక్రాంతికి పెట్టేవాళ్ళున్నారు, దసరాకి పెట్టేవాళ్ళున్నారు, మా తెలంగాణ ఇళ్ళలో చాలామందికి అసలు ఆ అలవాటే లేదు, దసరా అంటే బతుకమ్మే. అయినా రిటర్న్ గిఫ్టుల పుణ్యమా అని చెక్క బొమ్మ ఇప్పుడు ప్రతి ఇంటికీ వస్తోంది. కొనేది ఎక్కువగా మనమే కాబట్టి మనం అడిగితేనే చెలామణి అవుతుంది.

మా పై ఫ్లోరు అమ్మాయి కూతురి మొదటి పుట్టినరోజుకి యాభై లక్కపిడతల సెట్లు చెప్పాలనుకుంది. వాట్సాప్‌లో అమ్మే అతనికి నా ఎదుటే మెసేజి పెట్టించాను, ఏ ఊరివి, లక్కేనా, ఎవరు చేశారు అని. అరగంట తర్వాత "ప్యూర్ హ్యాండ్‌మేడ్ మేడమ్, బెస్ట్ క్వాలిటీ" అని జవాబు, కింద రెండు దండాల బొమ్మలు. మళ్ళీ అదే అడిగాం. ఈసారి ధర పది రూపాయలు తగ్గించాడు. మూడోసారి అడిగాం. "కనుక్కుని చెప్తాను" అన్నాడు. పుట్టినరోజుకి ఇంకా మూడు వారాలుంది, ఆర్డరు ఇవ్వలేదు.