దయ్యం లేకుండా దయ్యం కథ కావాలట!

ముందే చెప్పేస్తున్నా, ఈ టపాలో టెడ్ డెక్కర్ రాసిన 'షోడౌన్' నవల కథ సగం దాకా బయటపెట్టేస్తాను. 2006లో వచ్చిన పుస్తకం. ఇంకా చదవకుండా, చదవాలనే ఉద్దేశం ఉన్నవాళ్ళు ఇక్కడితో ఆపేసి, చదివొచ్చాక నన్ను తిట్టొచ్చు. మిగతావాళ్ళు టీ తెచ్చుకుని కూర్చోండి, కాస్త పెద్ద టపానే.

ఈ పుస్తకం నా చేతికొచ్చింది మా టీమ్‌లో ఒక సీనియర్ వల్ల. తెనాలి వైపు మనిషి, నాకన్నా ఐదారేళ్ళు పెద్ద, నేను 'అన్నా' అనే పిలుస్తాను. ఆదివారం పొద్దున రిలీజ్ పడిందంటే "తమ్ముడూ, చర్చి ఉంది, నువ్వు చూస్కో, శనివారం రాత్రి నేను చూస్కుంటా" అంటారు. నేనేమో గుడికెళ్ళేది పరీక్షలప్పుడూ, అప్రైజల్ అప్పుడూ మాత్రమే కాబట్టి నాకేం ఇబ్బంది లేదు :) ఆయన దగ్గర ఈ బాపతు నవలలు చాలా ఉన్నాయి. ఓ రోజు క్యాబ్‌లో "భయపడకుండా చదవగలవా?" అంటూ ఇది చేతిలో పెట్టారు. రెండు రాత్రుల్లో అయిపోయింది.

తెలీనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా. కొలరాడోలో పేరడైజ్ అని ఒక చిన్న ఊరు (మన సికింద్రాబాద్ బిర్యానీ కాదు). ఆ ఊరికి నల్ల కోటేసుకున్న ఒక కొత్త మనిషి వస్తాడు, పేరు మార్సువీస్ బ్లాక్. కృప, నిరీక్షణ అంటూ చర్చి భాషే మాట్లాడతాడు. జనం వాడి మాయలో పడతారు, ఊరు మెల్లగా పిచ్చెక్కిపోతుంది, నిన్నటిదాకా పలకరించుకున్నవాళ్ళే ఒకళ్ళనొకళ్ళు చంపుకునే దాకా వెళ్తుంది. ఇంకో పక్క, దగ్గర్లోని కొండల మధ్య ఒక మఠం. అందులో కొందరు అనాథ పిల్లల్ని పసితనం నుంచీ బయటి ప్రపంచం గాలి సోకకుండా పెంచుతుంటారు. చెడు అనేదే చూపించకుండా పెంచితే పిల్లలు మంచివాళ్ళే అవుతారా? ఇదీ వాళ్ళ ప్రయోగం. అందులో బిల్లీ అనే పిల్లాడు వెళ్ళొద్దన్న సొరంగాల్లోకి దిగుతాడు. అక్కడ కొన్ని ఖాళీ పుస్తకాలు దొరుకుతాయి. వాటిలో ఏది రాస్తే అది నిజమైపోతుంది.

ఇప్పుడు అర్థమైందిగా? ఊరిమీద పడ్డ ఆ నల్లకోటు సైతాను ఎక్కడినుంచో రాలేదు. ఆ పిల్లాడి కలం లోంచి వచ్చాడు.

యోహాను సువార్త మొదటి అధ్యాయం గురించి కొంచెం తెలిసినవాళ్ళకి ఇక్కడ వెంటనే గంట మోగుతుంది. మాటే మనిషై వచ్చిందన్నది క్రైస్తవుల మూల విశ్వాసం. డెక్కర్ దాన్ని తలకిందులు చేసి చూపించాడు. మాట మనిషి కాగలిగితే, చెడ్డమాట కూడా మనిషి కాగలదు కదా, అప్పుడు రాసినవాడి బాధ్యతేంటి అని. విశ్వాసం గురించీ, రాయడం గురించీ ఒకే దెబ్బకి అడిగిన ప్రశ్న. నేను నమ్మేవాణ్ణి కాకపోయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

సరే, మిగతావాళ్ళు ఏమనుకున్నారో చూద్దామని పాఠకుల అభిప్రాయాలు తిరగేశాను. అక్కడే నాకు మండింది.

మెచ్చుకున్నవాళ్ళు బోల్డంతమంది ఉన్నారు, వాళ్ళ జోలికి నేను పోను. తిట్టినవాళ్ళలో మాత్రం రెండు వర్గాలు కనిపించాయి. మొదటి వర్గం విశ్వాసులు. క్రైస్తవ నవల అనుకుని తెచ్చుకుంటే ఇంత రక్తమేంటి, ఇంత చీకటేంటి, మా పిల్లలకి ఎలా ఇస్తాం అని వాళ్ళ గోల. రెండో వర్గం నాలాంటివాళ్ళు. సస్పెన్స్ అనుకుని తెచ్చుకుంటే మధ్యలో దేవుడేంటి, ఈ ప్రవచనాలేంటి అని వీళ్ళ గోల. పైకి ఒకరికొకరు పడనివాళ్ళలా ఉంటారు గానీ, చూస్తే ఇద్దరిదీ ఒకటే కంప్లైంటు: డబ్బా మీద రాసింది ఒకటి, లోపలున్నది ఇంకోటి! పుస్తకం ఏం చెప్తోందో ఇద్దరికీ అక్కర్లేదు. మనం క్యూఏ వాళ్ళ మీద జోకులేస్తాం గానీ, ప్రోగ్రామ్ రన్ చెయ్యకుండా స్క్రీన్ రంగు మీద బగ్ రాసే క్యూఏని నేనింతవరకూ చూళ్ళేదు.

మొదట విశ్వాసుల సంగతి. అయ్యా, అమ్మా, మీ బైబిల్లోనే న్యాయాధిపతులు 19వ అధ్యాయం ఉంది. ఒక స్త్రీని రాత్రంతా చెరిచి వదిలేస్తే, ఆమె భర్త ఆమె శరీరాన్ని పన్నెండు ముక్కలు చేసి దేశమంతా పంపిస్తాడు. డెక్కర్ నవలలో దానికి సరితూగే పేజీ నాకైతే కనపడలేదు. యోబు కథలో పిల్లలందరూ ఒక్క రోజులో చచ్చిపోతారు. ఫ్లానరీ ఓకానర్ అని అమెరికాలో ఒక కాథలిక్ రచయిత్రి ఉండేది. ఆవిడ 1953 నాటి 'ఎ గుడ్ మ్యాన్ ఈజ్ హార్డ్ టు ఫైండ్' కథలో ఒక కుటుంబం మొత్తాన్ని, పిల్లలతో సహా, రోడ్డు పక్కన కాల్చి చంపేస్తారు. అదేమో దైవకృప గురించి రాసిన కథ! చెడు ఎంత భయంకరమో చూపించకపోతే దాన్నుంచి రక్షించడమంటే ఏంటో పాఠకుడికి ఎలా తెలుస్తుంది? సైతాను ముద్దుగా ఉండాలంటే ఎలాగండీ?

ఈ గొడవ వెనక వ్యాపారం కూడా ఉంది. అమెరికాలో క్రైస్తవ పుస్తకాలకి వేరే దుకాణాలు, వేరే ప్రచురణకర్తలు ఉండేవాళ్ళు. 1986లో ఫ్రాంక్ పెరెటి 'దిస్ ప్రెజెంట్ డార్క్‌నెస్' రాసి దయ్యాలూ దేవదూతల యుద్ధానికి కూడా ఆ దుకాణాల్లో చోటుందని చూపించాడు. 1995లో మొదలైన 'లెఫ్ట్ బిహైండ్' సిరీస్ కోట్లలో అమ్ముడుపోయింది. ఆ దుకాణంలో అడుగుపెట్టిన తల్లికి ఉన్న భరోసా ఒక్కటే, బూతు మాట ఉండదు, పడగ్గది సీను ఉండదు, ఏ అర నుంచి తీసినా పిల్లలకి ఇచ్చెయ్యొచ్చు అని. అంటే ఐఎస్ఐ మార్కు లాగన్నమాట. ప్రెషర్ కుక్కర్‌కి ఐఎస్ఐ మార్కు కావాలి, ఒప్పుకుంటా. నవలకి ఎందుకు? పైగా ఆ దుకాణాలు కూడా ఇప్పుడు చాలా మటుకు లేవు. ఫ్యామిలీ క్రిస్టియన్ వాళ్ళు 2017లో, లైఫ్‌వే వాళ్ళు 2019లో కొట్లన్నీ మూసేశారు. కొట్టు పోయింది గానీ కొట్టు గోడ మాత్రం పాఠకుల బుర్రలో అలాగే నిలబడి ఉంది.

నాకు అన్నిటికంటే విచిత్రంగా అనిపించిందేంటంటే, 'షోడౌన్' కథే ఆ గోడ గురించి! చెడు చొరబడకుండా మఠం కట్టారు, గోడలు పెట్టారు, నియమాలు పెట్టారు. చెడు గోడ దూకి రాలేదు, లోపల పెరిగిన పిల్లాడి బుర్రలోంచే పుట్టింది. ఇంత స్పష్టంగా చెప్పిన నవల చదివి, పుస్తకం మూసి, "మా మఠంలోకి ఈ పుస్తకం ఎలా వచ్చింది?" అని అడుగుతున్నారంటే ఏమనాలి?

ఇప్పుడు మన వర్గం. నవ్వకండి, మన వంతు. దేవుడొస్తే నవల పాడైపోయిందంటాం. మరి 'డ్రాక్యులా'లో శిలువ చూపించి రక్తపిశాచిని ఆపినప్పుడు మనకేం నొప్పి పుట్టలేదే? 'ఎక్సార్సిస్ట్' రాసిన బ్లాటీ కాథలిక్, అందులో పూజారుల ప్రార్థనలు తీసేస్తే మిగిలేదేంటి? స్టీఫెన్ కింగ్ 'ది స్టాండ్' (1978) తీసుకోండి. ఒక పక్క దుష్టుడు, ఇంకో పక్క దేవుడి మాట వినే ముసలావిడ. 'షోడౌన్'లో ఉన్న సరుకే కదా కాస్త అటూ ఇటూగా! దాన్ని క్లాసిక్ అని నెత్తిన పెట్టుకుంటాం. కింగ్ మామూలు కొట్లో దొరుకుతాడు, డెక్కర్ చర్చి కొట్లో దొరికాడు, అంతే తేడా. డెక్కర్ మిషనరీల కొడుకు, ఇండోనేషియాలో పుట్టాడు అని వెనక అట్ట మీద చదవగానే మనం ముక్కు మూసేసుకుంటాం.

మన తెలుగులో ఈ గొడవ ఏనాడో జరిగింది. యండమూరి 'తులసిదళం'తో ఊళ్ళు ఊళ్ళు వణికిన రోజుల్లో, ఇది మూఢనమ్మకాలు పెంచుతుందని రంగనాయకమ్మ గారు ఏకంగా విమర్శ పుస్తకమే రాశారు. ఆవిడతో మీరు ఏకీభవించినా లేకపోయినా, ఆవిడ నవలని ముందేసుకుని వాదించారు. ఏ అరలో పెట్టారని కాదు, లోపల ఏం రాశారని. విమర్శంటే అదీ.

అలాగని 'షోడౌన్' గొప్ప కళాఖండం అని నేననట్లేదు. ఊళ్ళో జనం చాలామంది చీట్ల పేకలో ముక్కల్లా ఒకేలా ఉంటారు. కొన్ని సీన్లలో హింస అవసరం తీరిపోయాక కూడా ఆగదు. చివర్లో రచయిత తనే మైకు పట్టుకుని వివరించడం మొదలుపెడతాడు. ఇవన్నీ తిట్టండి, నేనూ కలుస్తా. "ఈ రక్తం ఈ కథకి పనికొచ్చిందా?" అనేది న్యాయమైన ప్రశ్న. "ఈ ప్రార్థనకి పాత్ర ఏమైనా మూల్యం చెల్లించిందా, లేక బటన్ నొక్కగానే పనైపోయిందా?" అనేది కూడా న్యాయమైన ప్రశ్నే. "క్రైస్తవ నవలలో రక్తమా?", "సస్పెన్స్‌లో ప్రార్థనా?" అనేవి ప్రశ్నలు కావు, గేటు దగ్గర సెక్యూరిటీ వాడి ఐడీ కార్డు చెకింగు.

ఇంత ఆవేశం ఎందుకురా నీకు, నువ్వు రాశావా ఆ నవల అంటారేమో. చెప్తా.

పుస్తకం తిరిగిచ్చేటప్పుడు ఇవన్నీ ఊదరగొడుతుంటే అన్న నవ్వి ఊరుకున్నారు. కాసేపాగి, "గుర్తుందా తమ్ముడూ, నేనూ ఒకటి రాశాను" అన్నారు. గుర్తుంది. మూడేళ్ళ క్రితం. తెలుగులో సస్పెన్స్ నవల, నాలుగు చాప్టర్లు. కృష్ణా కాలవ పక్కన ఒక పల్లె, ఆ పల్లెకి కొత్తగా వచ్చిన పాస్టరు, ఆయన రాసే డైరీలో ముందే కనిపించే చావులు. నిజంగా భయపెట్టింది నన్ను. అందులో పాస్టరు ఒక రాత్రంతా ప్రార్థన చేస్తాడు, జవాబు రాదు. ఆ చాప్టర్ చదివి నేనేమన్నానో తెలుసా? "అన్నా, కథ సూపరు. ఆ ప్రార్థన ముక్క తీసెయ్యండి, స్లో అయింది, మనవాళ్ళకి ఎక్కదు." అదే నాలుగు చాప్టర్లు వాళ్ళ సంఘ పెద్దలకి కూడా చూపించారట. వాళ్ళేమో "విశ్వాసి అయ్యుండి చావుల కథలేంటి బాబూ, అవి తీసేసి ఆ ప్రార్థన మీద మంచి సాక్ష్యం రాయి" అన్నారట.

వాళ్ళు చావులు తీసెయ్యమన్నారు, నేను ప్రార్థన తీసెయ్యమన్నాను. రెండూ తీసేస్తే మిగిలింది కాలవ ఒక్కటే. ఆయన ఐదో చాప్టర్ రాయలేదు.

ఆ పెద్దల మీద నాకు కోపం లేదని అబద్ధమాడను, ఉంది. కానీ వాళ్ళ పక్కనే నేనూ నిలబడి ఉన్నానని డెక్కర్ పాఠకులు తిట్టిన తిట్లు చదివేదాకా నాకు వెలగలేదు. జవాబు రాని ఆ ప్రార్థనే ఆ నవలకి గుండెకాయ అని ఇప్పుడు తెలుస్తోంది. నమ్మే మనిషి తన భయాన్ని తన భాషలో రాసుకుంటే, అందులో నమ్మకం నాకొద్దు, భయం మాత్రం ఇవ్వు అన్నాను. పెద్దలు నమ్మకం ఇవ్వు, భయం వద్దన్నారు. ఆయనకి ఆ రెండూ ఒకటే అని మేమెవరం ఆలోచించలేదు. తెలుగులో చర్చికెళ్ళే మనుషుల ఇళ్ళూ, వాళ్ళ అనుమానాలూ, వాళ్ళ రాత్రులూ కనిపించే సస్పెన్స్ నవల నేనింతవరకు చదవలేదు. ఒకటి వచ్చేదేమో, నాలుగో చాప్టర్ దగ్గర ఆపించినవాళ్ళలో నేనొకణ్ణి.

నిన్న లంచ్‌లో అడిగాను, "అన్నా, ఆ ఫైలు ఉందా?" అని. పాత ల్యాప్‌టాప్‌లో ఉందన్నారు. పంపమన్నాను. "ఏం, మళ్ళీ ఏదో ఒకటి తీసెయ్యమనడానికా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, నాకు అన్నం దిగలేదు.

కాబట్టి వ్యాఖ్యల్లో నన్ను తిట్టేవాళ్ళు తిట్టండి, ఏ వర్గం వాళ్ళైనా సరే. ఒక్క మాట మాత్రం. ఈసారి ఎవరి రాత మీదైనా అభిప్రాయం చెప్పేముందు, అది ఏ అరలోంచి వచ్చిందో చూడ్డం మానేసి ఓ పది నిమిషాలు లోపలేముందో చూడండి. బిల్లీ రాస్తే సైతాను నిజమయ్యాడు. మనలాంటి పాఠకులు ఒక్క మాట అంటే ఒక పుస్తకం పుట్టకుండానే పోతుంది.

ఫైలు ఇంకా రాలేదు. వస్తే ప్రార్థనతో సహా చదువుతా.