చదువుకునే గంటకూ కూలి కట్టాలి

బ్యాంకులో నా ముందు నిలబడిన పెద్దావిడ పాస్‌బుక్ నా చేతిలో పెట్టింది. "ఉపాధి డబ్బులు పడ్డాయేమో చూడు నాయనా" అంది. చూశాను. చివరి వారం కూలి పడలేదు. ఫారం నింపి ఇస్తే ఎడమ బొటనవేలు చాపింది. ముద్ర సరిగా పడలేదు. పార పట్టీ పట్టీ వేలి గీతలు అరిగిపోయాయి. పాస్‌బుక్‌లో ఉన్నది ఆమె కష్టమే, కానీ అందులో ఎంతుందో ఎవరో ఒకరు చెబితేనే ఆమెకు తెలుస్తుంది.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం. అంటే ఏడేళ్లు దాటినవాళ్లలో ప్రతి ముగ్గురిలో ఒకరికి చదవడం, రాయడం రాదు. వీళ్లలో చాలామంది ప్రభుత్వానికి తెలియనివాళ్లు కారు. పింఛను జాబితాలో, జాబ్ కార్డులో, రేషన్ కార్డులో వీళ్ల పేర్లున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధులకు 4,000 రూపాయల పింఛను ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. డబ్బు వెళ్లే దారిలోనే అక్షరం కూడా వెళ్లొచ్చు కదా!

"ఈ వయసులో చదువెందుకు?" అనేవాళ్లు ఒకసారి నెల్లూరు జిల్లాను గుర్తు చేసుకోవాలి. 1990ల మొదట్లో అక్కడ అక్షరదీపం కార్యక్రమం నడిచింది. పగలంతా కూలి చేసిన ఆడవాళ్లు రాత్రి లాంతరు చుట్టూ చేరి వాచకం పట్టుకున్నారు. సారా చేసే చేటు గురించి అందులో పాఠాలున్నాయి. వాటిని చదివి, మాట్లాడుకుని, ఆ జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఊరూరా పాకిన ఆ ఉద్యమానికి తలొగ్గి 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. తమ బతుకే పాఠమైతే పెద్దవాళ్లకు చదువు అబ్బుతుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇప్పుడు కేంద్రం 'ఉల్లాస్' పేరుతో పదిహేనేళ్లు దాటిన నిరక్షరాస్యుల కోసం 2022 నుంచి 2027 వరకు కార్యక్రమం నడుపుతోంది. చదవడం, లెక్కలతో పాటు బ్యాంకు వ్యవహారం, ఫోను వాడకం కూడా అందులో ఉన్నాయి. ఆలోచన మంచిదే. కానీ చెప్పేది జీతం లేని వలంటీరు, నేర్చుకునేది ఎండలో మట్టి మోసి వచ్చిన మనిషి. ఇంటికొచ్చాక నీళ్లు పట్టాలి, పొయ్యి వెలిగించాలి, మనవళ్లకు అన్నం పెట్టాలి. ఆ తర్వాత పలక పట్టుకుంటే కళ్లు మూతలు పడతాయి. తరగతికి రాకపోతే శ్రద్ధ లేదంటాం. లేనిది శ్రద్ధ కాదు, తీరిక.

ఆ తీరికకు వెల కట్టిన ఉదాహరణ ఉపాధి హామీ పథకంలోనే ఉంది. 2019లో తెచ్చిన 'ఉన్నతి' కింద, వంద రోజుల పని పూర్తిచేసిన కుటుంబాల్లోని 18 నుంచి 45 ఏళ్ల వాళ్లకు వృత్తి పనుల్లో శిక్షణ ఇస్తూ, ఆ రోజులకు కూలికి సమానంగా భృతి ఇచ్చారు. వృత్తి పనికి ఇచ్చిన ఆ మర్యాద అక్షరానికి ఎందుకు ఇవ్వకూడదు? పనిచేసే చోటే, చెట్టు నీడనే, రోజుకో గంట చదువు పెట్టండి. ఆ గంటకూ కూలి కట్టండి. చెప్పేవాళ్లకూ గౌరవ వేతనం ఇవ్వండి. ఆమె జాబ్ కార్డు, పాస్‌బుక్, మందుల చీటీ, తవ్విన మట్టి కొలత, ఫోనుకొచ్చే ఓటీపీ, ఇవే పాఠాలు కావాలి. ఒక్క హద్దు మాత్రం దాటకూడదు. చదువుకు రాలేదని ఎవరి పింఛనూ, ఎవరి పనీ ఆపకూడదు.

ఆ రోజు బ్యాంకులో ఆవిడ వెళ్లబోతూ ఆగింది. "ఇందులో నా పేరెక్కడుంది?" అని అడిగింది. పుస్తకంలో పేరు ఇంగ్లీషులో ఉంది. పక్కనే తెలుగులో రాసి చూపించాను. మొదటి అక్షరం మీద వేలు పెట్టి నెమ్మదిగా దిద్దింది. రెండో అక్షరం మీదికి వచ్చేసరికి వెనకవాళ్లు తొందరపెట్టారు. వేలు తీసేసి, పుస్తకం కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

తన పేరెక్కడుందని అడిగింది ఆమే. మిగిలిన అక్షరాలు దిద్దుకునేంత సమయం ఆమెకు ఇవ్వాల్సింది ప్రభుత్వం.