ఉత్తుత్తి ప్రమాద హెచ్చరికలు

తుఫాను వస్తోందంటే కృష్ణపట్నం పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. ఎవరో గుమాస్తా కాగితం రెన్యూ చేయడం మర్చిపోయిన ప్రతిసారీ అది ఎగిరిందనుకోండి. నాలుగోసారికి నెల్లూరు తీరంలో ఎవరూ తలెత్తి చూడరు.

మన చిన్న తెలుగు సైట్లలో టీఎల్ఎస్ సర్టిఫికెట్ గడువు దాటినప్పుడల్లా జరిగేది ఇదే. బ్రౌజరు ప్రమాదం అంటుంది. "పర్లేదు, ముందుకెళ్లండి" అని పాఠకులకు మనమే నేర్పుతాం. రేపు బ్యాంకు పేరుతో దొంగ సైటు ఎదురైనా వాళ్లు అలాగే ముందుకెళ్తారు.

"క్యాలెండర్‌లో పెట్టుకున్నాం" అనే వాదన ఇక చెల్లదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచిత సర్టిఫికెట్లు మామూలుగా 90 రోజులవి. గడువు గుర్తుచేసే మెయిళ్లు 2025 జూన్‌లో ఆపేసింది. ఏ సంస్థ ఇచ్చినా సరే, 2029 మార్చి 15 నుంచి గరిష్ఠ గడువు 47 రోజులే. అంటే ఏడాదికి ఎనిమిదిసార్లు!

స్క్రిప్టు చేసేది బ్రహ్మవిద్యేం కాదు. సర్టిఫికెట్ సంస్థ అడిగిన గుర్తును డీఎన్ఎస్‌లో టెక్స్ట్ రికార్డుగా పెడుతుంది. సంస్థ అది చూసి డొమైన్ మీదేనని ఒప్పుకుంటుంది. తర్వాత స్క్రిప్టే ఆ రికార్డు తీసేస్తుంది.

"డీఎన్ఎస్ తాళం సర్వర్‌లో పెడితే, హ్యాకర్ చేతికి డొమైనంతా ఇచ్చినట్టేగా?" ఈ అభ్యంతరం మాత్రం నిజమైనది. అయితే దానికి జవాబు చేత్తో రెన్యూ చేయడం కాదు. ఆ ఒక్క రికార్డునీ సీనేమ్‌తో వేరే జోన్‌కి మళ్లించి, స్క్రిప్టుకి ఆ జోన్ తాళమే ఇవ్వండి. ఇంటి తాళం కాదు, గేటు దగ్గరి పోస్టుడబ్బా తాళం.

స్వచ్ఛందంగా నడుపుతున్నాం, తీరిక లేదంటారు. తీరిక లేనివాళ్లకే కదండీ స్క్రిప్టు!