ఇమ్రోజ్ అనగా నేడు

నాంపల్లి స్టేషనునుండి అబిడ్సువరకు నడచుటకు ఇరువది నిమిషములు చాలును. నేనును, నా స్నేహితుడును ప్రతి ఆదివారమును ఆ దారికి రెండు గంటలు పట్టించెడివారము. అతడు గతించి సంవత్సరమైనది. పత్రికలలో పేరు పడుట అతనికి గిట్టదు గనుక వ్రాయను. ఉర్దూ సాహిత్యమున దిట్ట. తెలుగు మాత్రము మా తాలూకా రైతువలె మాటలాడెడివాడు.

ఆదివారమునాడు అబిడ్సులో అంగళ్లు మూయబడగా కాలిబాటలపై పాతపుస్తకముల సంత పరచుకొనును. నేను కొనుటయందు తొందరపడువాడను. బేరమాడి, కట్ట కట్టించి, తీరికగా చదువుకొందునని యింటికి మోసికొనిపోవుదును. అతడు అచ్చటనే గొంతుకు కూర్చుండి పది పుటలు చదివి, నచ్చినచో కొనును; లేనిచో దుమ్ము దులిపి యథాస్థానమున పెట్టును. ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుకు పరిచారకుడైన ఆల్బర్టు ఆబిద్ పేరిట ఆ ప్రాంతము వెలసినది. ప్రభువు 1911లో గతించెను, ఆబిద్ దుకాణమును పోయెను. పేరు మాత్రము మిగిలినది. ఇట్టి ముచ్చటలతో నేను తొందరపెట్టినప్పుడెల్ల అతడు తలయెత్తక “ఇమ్రోజ్!” అనెడివాడు.

ఆ మాటకు కథ కలదు. 1947 నవంబరులో షోయబుల్లాఖాన్ స్థాపించిన ఉర్దూ పత్రిక పేరు ఇమ్రోజ్, అనగా నేడు. హైదరాబాదు సంస్థానము భారత యూనియనులో చేరవలెనని ఆ పత్రిక నిర్భయముగా వ్రాసెను. బెదిరింపులు వచ్చినను సంపాదకుడు కలము దింపలేదు. 1948 ఆగస్టు 21 రాత్రి, కార్యాలయమునుండి యింటికి పోవుచుండగా, కాచిగూడ ప్రాంతమున రజాకార్లు అతనిని కాల్చి, వ్రాసిన చేతిని నరికిరి. అప్పటికి అతనికి 28వ యేడు. నెల తిరుగకముందే సెప్టెంబరు 17 వచ్చినది, అతడు చూడలేదు.

ఈ క్షణమునందు జీవింపుడని బోధించుట నేడొక వ్యాపారమైనది. రేపటి మాట మరచి సుఖముగా నుండుమనుట దాని సారము. నేనది అంగీకరింపజాలను. షోయబుల్లా రేపటిని మరచినవాడు కాడు, రేపటికొరకే వ్రాసినవాడు. అయినను వ్రాయవలసిన మాటను ఆనాటి సంచికలోనే వ్రాసెను, కాలము అనుకూలించువరకు దాచిపెట్టలేదు. విత్తనము వేయు రైతు పంటను తలచుకొనకపోడు. కాని సాలు వంకరపోకుండ చూచుకొనుట ఆ గడియ పని. నా స్నేహితుని అభిప్రాయమును ఇదియే. ఎన్నిమారులు చెప్పినను నాకు తలకెక్కలేదు.

అతడు జబ్బుపడినప్పుడు ఫోను చేసి, “ఒకపారి వచ్చిపోరాదు” అనెను. వచ్చే ఆదివారము తప్పక వత్తునంటిని. ఆ ఆదివారము సభ యొకటి అడ్డుపడినది. మరుసటి వారము బంధువుల యింట పెండ్లి. మూడవ ఆదివారమున, నిజము చెప్పవలెనన్న, నాకే పనియు లేదు. మంచముపై నున్న మనిషిని చూచుటకు వెనుదీసితిని. నాలుగు దినములలో కోలుకొనును, అప్పుడు పోవచ్చునని మనసునకు సర్దిచెప్పుకొంటిని. గురువారము ఉదయమున కబురు వచ్చినది.

మేము కలిసి తిరిగిన యేండ్లలో కొన్న పుస్తకములు మా యింట మూడు బీరువాలు. వానిలో సగము కట్టలు విప్పనేలేదు. అతడు పోయిన పిమ్మట ఒకదానిని విప్పగా, నడుమ నొక పుటకు అతడు గురుతుగా పెట్టిన నాంపల్లి రైలు టిక్కెట్టు కనబడినది. ఇది చదువుమని చూపినట్లు జ్ఞాపకము. ఏమని చూపెనో జ్ఞాపకము లేదు. నేనప్పుడు వేరొక పుస్తకమునకు బేరమాడుచుంటిని.

మొన్నటి ఆదివారమున ఒంటరిగా అబిడ్సు పోతిని. కాలిబాటపై కూర్చుండి ఒక పాత యాత్రాగ్రంథమును నీడ తొలగిపోవువరకు చదివితిని. పుస్తకములమ్ము ముసలాయన నన్ను చాలసేపు చూచి, “మీ దోస్తు వస్తలేడేమి?” అని అడిగెను. చెప్పితిని. ఆయన ఏమియు అనక తాను కూర్చున్న పీట నావైపు జరిపెను.