విజయ స్మారకం దగ్గర ఘాజీ మృతులకూ చోటుండాలి

విశాఖ ఆర్కే బీచ్‌లో ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం ఉంది. 1971 యుద్ధంలో మన నౌకాదళం సాధించిన విజయానికి గుర్తుగా 1996లో దాన్ని నిలిపారు. ఏటా డిసెంబరు 4న, నేవీ డే నాడు, అక్కడ పుష్పగుచ్ఛాలు ఉంచి అమరులకు నివాళి అర్పిస్తారు. ఆ తీరానికి ఎదురుగానే, సముద్రం అడుగున, పాకిస్థాన్ సబ్‌మెరైన్ ఘాజీ పడి ఉంది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచాలని వచ్చిన ఘాజీ, 1971 డిసెంబరు 3-4 తేదీల మధ్య రాత్రి తానే మునిగిపోయింది. అందులో ఉన్న 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతికి బయటపడలేదు. 2017లో వచ్చిన ‘ఘాజీ’ సినిమాతో ఈ సంగతి తెలుగునాట ఇంటింటికీ తెలిసింది. అయినా మనం ఘాజీ అన్నప్పుడల్లా ఒక శత్రు నౌకనే తలచుకుంటున్నాం, అందులో పోయిన ప్రాణాలను కాదు. ఆ స్మారకం దగ్గర మన అమరులతో పాటు ఘాజీలో చనిపోయిన వారినీ గుర్తుచేసే ఒక ఫలకం ఉండాలన్నది నా వాదన.

సబ్‌మెరైన్‌లో చావు ఎలాంటిదో విశాఖవాసులకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఆ స్మారకానికి దగ్గర్లోనే ఇసుక మీద నిలబెట్టిన కురుసుర సబ్‌మెరైన్ ఉంది. అది కూడా 1971 యుద్ధంలో పనిచేసిందే. పొడవు 91 మీటర్లు ఉన్నా లోపల ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు ఒదగాల్సిందే. ఒక గదిలోంచి మరో గదిలోకి పోవాలంటే గుండ్రటి తలుపులోంచి నడుం వంచి దూరాలి. పడుకునే బల్లలు ఒకదానిపై ఒకటి. ఒక్కసారి నీళ్లు లోపలికి చొచ్చుకొస్తే పారిపోవడానికి దారి దాదాపుగా ఉండదు. ఘాజీలో వాళ్లకూ లేకపోయింది. ఆ తర్వాత అయిదు రోజులకే, డిసెంబరు 9న, దీవ్ తీరానికి ఆవల పాకిస్థాన్ సబ్‌మెరైన్ హంగోర్ మన యుద్ధనౌక ఖుక్రీని ముంచేసింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో కలిపి 18 మంది అధికారులు, 176 మంది నావికులు ప్రాణాలు కోల్పోయారు. నౌకతో పాటు మునిగినవాడికి సమాధి ఉండదు, ఇంటివాళ్లకు కడసారి చూపూ దక్కదు. ఈ దుఃఖం ఖుక్రీ కుటుంబాలకు ఎంతటిదో ఘాజీ కుటుంబాలకూ అంతటిదే.

శత్రువు మృతులను గౌరవించడం లోకంలో కొత్తేమీ కాదు. 1942 మే 31 రాత్రి జపాన్ బుల్లి సబ్‌మెరైన్లు మూడు సిడ్నీ రేవులోకి చొరబడ్డాయి. వాటి దాడిలో ఆస్ట్రేలియా నౌకాదళానికి చెందిన కుటాబుల్ నౌక మీద ఉన్న 21 మంది నావికులు చనిపోయారు. యుద్ధం ఇంకా ఉధృతంగా సాగుతున్నా, తమకు దొరికిన నలుగురు జపాన్ నావికుల మృతదేహాలకు రియర్ అడ్మిరల్ మ్యూర్‌హెడ్ గౌల్డ్ నౌకాదళ లాంఛనాలతో దహన సంస్కారం జరిపించాడు. విమర్శలు వచ్చినా వెనక్కి తగ్గలేదు. ఆ అస్థికలు అదే ఏడాది జపాన్ చేరాయి. జర్మనీలోని లాబో స్మారకాన్ని మొదట మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన తమ నావికుల కోసమే కట్టుకున్నారు. ఇప్పుడది సముద్రంలో ప్రాణాలు వదిలిన అన్ని దేశాల వారికీ స్మారకం. విశాఖలో లాగే అక్కడా పక్కనే ఒక పాత సబ్‌మెరైన్‌ను ఒడ్డున నిలిపి ఉంచారు. మన నౌకాదళమూ ఇందులో వెనకబడలేదు. ఘాజీ శకలాలను గుర్తించినట్టు 2024లో వార్తలు వచ్చినప్పుడు, మృతుల పట్ల గౌరవంతోనే వాటిని తాకలేదని నౌకాదళ వర్గాలు చెప్పాయి. నౌకాదళం సముద్రం అడుగున పాటిస్తున్న మర్యాదనే ఒడ్డున కూడా పాటించమని అడుగుతున్నాను.

దీనికి అభ్యంతరాలు వస్తాయి, వాటిలో బలమూ ఉంది. తూర్పు బెంగాల్‌లో ఊచకోతకు పాల్పడిన ప్రభుత్వం పంపిన నౌకకు నివాళి ఏమిటని అడగవచ్చు. ఆ ఊచకోత నిజం, దాన్ని ఏ ఫలకమూ కప్పిపుచ్చకూడదు. అయితే యుద్ధాన్ని తేల్చింది ఢాకాలో పాకిస్థాన్ సైన్యం లొంగుబాటు, ఆ తీర్పు ఒక ఫలకంతో మారదు. మరణించినవారిని తలచుకోవడం వారి ప్రభుత్వాన్ని సమర్థించడం కాదు. పాకిస్థాన్ మన ఖుక్రీ మృతులకు ఇలాంటి గౌరవం ఇస్తుందా అన్నది మరో ప్రశ్న. అవతలివాడు చేస్తేనే మనం చేస్తామంటే అది బేరమవుతుంది, సంస్కారం కాదు. మన అమరుల గౌరవం తగ్గిపోతుందన్న భయమూ కొందరికి ఉంటుంది. నిజానికి ఎదుటివాడి ధైర్యాన్ని ఒప్పుకుంటేనే గెలిచినవాడి ధైర్యానికి విలువ పెరుగుతుంది. చేతకానివాళ్ల మీద గెలుపును ఎవరూ గొప్పగా చెప్పుకోరు.

ఘాజీ మన డెప్త్ చార్జ్‌ల (నీటి అడుగున పేలే బాంబుల) వల్ల మునిగిందా, లోపలి పేలుడు వల్లా అన్న వాదన రెండు దేశాల మధ్య ఇంకా నడుస్తూనే ఉంది. దానిని చరిత్రకారులకు వదిలేద్దాం. ఎలా మునిగినా, అందులో ఉన్నవాళ్లు తిరిగి ఇంటికి వెళ్లలేదన్న సంగతిలో వాదనకు తావులేదు. ఆ మాట రాయడానికి నాలుగు వరుసలు చాలు: నౌక పేరు, మునిగిన తేదీ, మృతుల సంఖ్య, వారిని విశాఖ మరచిపోలేదన్న వాక్యం. బీచ్‌కు వచ్చే పిల్లలు విజయం గురించి చదివిన చోటే దాని ఖరీదు గురించి కూడా చదవాలి. రేపు దేశాన్ని నడిపేది, యుద్ధమా శాంతా అని తేల్చేది వాళ్లే కనుక, ఆ ఖరీదును రెండు వైపులా లెక్కగట్టడం వాళ్లకు ఇప్పుడే నేర్పాలి.