మామ్మగారి చెంచా

నిరుడు ధనుర్మాసంలో వొకనాటి రాత్రి రెండు గంటల వేళ మా వీధి తలుపు దబదబ బాదారెవరో. తీసి చూతును గదా, పక్కవీధి మామ్మగారు! వెనుక ఆటోలో తల్లి వొళ్లో ఆవిడ మనుమడు, యేడేళ్లవాడు. ముందుకు వంగి కూచుని, భుజాలెగరేస్తూ గాలికోసం పెనుగులాడుతున్నాడు. పిల్లికూతలు గుమ్మంలోకే వినబడుతున్నాయి.

“సాయంత్రం రెండు చెంచాలు పోశాను, రాత్రి మళ్లీ రెండు చెంచాలు పోశాను నాయనా! ఆయాసం తగ్గలేదు సరిగదా, వాడు మత్తుగా తూలిపోతున్నాడు” అన్నారు మామ్మగారు, సంచీలోంచి సీసా తీసి చూపిస్తూ.

అది నేను రాసిచ్చిన కీటోటిఫెన్ సిరపే. పూటకు వొక చెంచా చొప్పున రోజుకు రెండు పూటలని రాశాను.

నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది. ఆ మందు అసలే మగత కలిగిస్తుంది. ఆవిడ పోసింది నేను చెప్పినదానికి రెండింతలు. కాని వుబ్బసం ముదిరి, వొంట్లో ఆక్సిజన్ తగ్గినప్పుడు కూడా పిల్లలు యిలాగే మత్తుగా సోలిపోతారు. అది చాలా చెడ్డ లక్షణం. యిది మందు మత్తా, జబ్బు మత్తా? వేలికి క్లిప్పు తగిలిస్తే 91 చూపించింది. వెంటనే ఆక్సిజన్ పెట్టి, నెబ్యులైజరులో సాల్‌బ్యుటమాల్ పట్టించి, ప్రెడ్నిసొలోన్ కూడా యిచ్చి పక్కనే కూచున్నాను. కోడి కూసే వేళకు వాడు కళ్లు విప్పి “ఆకలి” అన్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది.

తప్పు మామ్మగారిది కాదు. మూడు వారాల క్రితం వాళ్లు వచ్చిననాడు బయట బల్లమీద ముప్ఫైమంది కాచుకుని వున్నారు. పిల్లవాడికి వుబ్బసంతోపాటు తుమ్ములు, ముక్కు కారడం, దద్దుర్లు కూడా వున్నాయి. పీల్చే స్టెరాయిడ్ పంపు రాశాను. “పంపు అలవాటయిపోతుందటగా!” అన్నారు మామ్మగారు. కాదని నచ్చచెప్పడానికి వోపిక లేక, వాడండి, వాడండి అంటూ కింద యీ సిరప్ కూడా రాశాను. ఆవిడ పంపును బీరువాలో పెట్టి సీసాను నమ్ముకున్నారు. (అంతకుముందు మృగశిర కార్తెకు హైదరాబాదు వెళ్లి చేపమందు కూడా మింగించారు. ఆ సంగతి మరోసారి.)

ఆనాడు నేను చెప్పవలసిన మాటలు యివి. వొంటికి పడని దుమ్మో, పుప్పొడో తగిలినప్పుడు కొన్ని కణాలు హిస్టమిన్ అనే పదార్థాన్ని వెదజల్లుతాయి. దురదలు, తుమ్ములు దాని చలవే. దాన్ని అడ్డే మందుకు 1937లో పారిస్ పాశ్చర్ సంస్థలో దారి చూపించినవాడు డేనియల్ బోవె. 1957లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మనం తుమ్మితే మింగే అవిల్, సెట్రిజిన్ అన్నీ ఆ వంశంలోవే. అయితే వుబ్బసంలో హిస్టమిన్ వొక్కటే దొంగ కాదు. వూపిరిగొట్టాల లోపలి పొర వాచి వుంటుంది. ఆ వాపు వెనుక మరెన్నో పదార్థాలున్నాయి. అందుకే దురదకు గంటలో పనిచేసే మాత్ర ఆయాసం ముందు చేతులెత్తేస్తుంది.

కీటోటిఫెన్‌ది కొంచెం వేరు దారి. హిస్టమిన్‌ను అడ్డడమేగాక, ఆ కణాలు దాన్ని వెదజల్లకుండా కూడా కొంత ఆపుతుంది. కాని అది రోజూ వేస్తూ వుంటే కొన్ని వారాలకుగాని ఫలితం కనబడదు; వొక్కొక్కప్పుడు రెండు మూడు నెలలు పడుతుంది. ఆయాసం వచ్చినప్పుడు నాలుగు చెంచాలు పోసినా మత్తు తప్ప మరేమీ రాదు. అది మొదలుపెట్టామని పాత మందులు చటుక్కున మానరాదు కూడా. యీనాడు వుబ్బసం రాకుండా కాపాడడంలో పెద్దపీట పీల్చే స్టెరాయిడ్‌దే. యీ సిరప్ యెక్కడో వెనుక వరుసలో కూచుంటుంది. కొందరికి ఆకలి పెరిగి వొళ్లు కూడా వస్తుంది. బక్కపిల్లల తల్లులు దానికి సంతోషిస్తారనుకోండి!

యివన్నీ ఆ తెల్లవారుజామున, కాఫీ తాగుతూ మామ్మగారికి చెప్పాను. బీరువాలోంచి పంపు బయటికి వచ్చింది. దానికి స్పేసరు గొట్టం తగిలించి పీల్చడం పిల్లవాడికి నేర్పాను. పీల్చగానే నోరు పుక్కిలించాడా లేదా అని చూడడం మామ్మగారి వంతు. పూటపూటకు ఆవిడ కాలెండరు మీద గీత పెడుతున్నారు.

మొన్న ఆదివారం ఆ కాలెండరు చంకన పెట్టుకుని వచ్చారు. గీతలన్నీ సరిగ్గా వున్నాయి. లేవబోతూ గొంతు తగ్గించి, “నాకూ యీమధ్య వొకటే తుమ్ములు నాయనా. వాడి సీసాలో యింకా కాస్త వుంది. వొక చెంచా వేసుకోనా?” అన్నారు.

ఆవిడ చక్కెర జబ్బుకు మాత్రలు మింగుతారని నాకు తెలుసు. ఆ మాత్రలతో కలిసి యిది అరుదుగానైనా రక్తంలో ప్లేట్‌లెట్లను తగ్గించవచ్చు. “వద్దు మామ్మగారూ, మళ్లీ కూచోండి” అని, యీసారి తీరికగా చీటీ తీశాను.